అరటిపళ్ళు పోసిన గేర్‌బాక్స్

ఒట్టు వేయమంటే దేవుడి మీద వేయను. దేవుడి మీద ఒట్టేసి బండ్లు అంటగట్టిన బ్రోకర్లను చాలామందిని చూశాను. ఈ రెండు చేతుల మీద వేస్తాను. ముప్పై ఏళ్ళ పైగా నాకు అన్నం పెట్టినవి ఇవే. నేను చెప్పబోయే దాంట్లో ఒక్క ముక్క కల్పించినా ఇవి మళ్ళీ పానా పట్టుకోకూడదు. ఇంతకన్నా పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

మీరంతా తలా ఒక దయ్యం కథ చెప్పారు. మన రాంబాబుకు కాలవ గట్టు మీద వెనకాల అడుగుల చప్పుడు... ఒకరికి ఖాళీ ఇంట్లో పిలుపు... బాగానే ఉన్నాయి. వాటిలో మీరు భయపడ్డారు, పరిగెత్తారు, బతికి బయటపడ్డారు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు. నా దాంట్లో తప్పు చేసింది నేనే. అందుకే నాలుగేళ్ళుగా మా ఆవిడకు కూడా పూర్తిగా చెప్పలేదు. మధ్యలో ఆపి ప్రశ్నలు వేయకండి. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను.

నా షెడ్డు మీకు తెలిసిందే. సామర్లకోట నుంచి పిఠాపురం వెళ్ళే రోడ్డులో, రైలు కట్టకు ఇవతల. పాత కార్లు మాత్రమే చేస్తాను. కంప్యూటర్ తగిలించి చూసే కొత్త కార్ల జోలికి పోను. నాకు పని నేర్పింది కాకినాడలో పోలయ్య మేస్త్రి గారు. ఆయనది చేపలు పట్టే కుటుంబం. వయసులో ఉండగా హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేసి, తరవాత కార్ల మీదికి వచ్చారు. సముద్రం మీద ఇంజను ఆగితే మనిషి ఇంటికి రాడు. అందుకని బోటు ఒడ్డున ఉండగానే, ఏది చెడిపోబోతోందో ముందే విని పట్టుకోవడం ఆయనకు అలవాటు.

గేర్‌బాక్స్ మీద అనుమానం వస్తే, వెనక చక్రాలు జాకీల మీద లేపించి, ఇంజను ఆన్ చేసి గేరులో తిప్పమనేవారు. తను కారు కింద తవ్విన గొయ్యి, పిట్‌లోకి దిగేవారు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ కొనను గేర్‌బాక్స్‌కు ఆనించి, పిడిని చెవికి అదిమి పెట్టుకునేవారు. కళ్ళు మూసుకునేవారు. ఏ బేరింగ్ అరిగిందో, ఏ గేరుకు దెబ్బ తగిలిందో విప్పకుండానే చెప్పేవారు. విప్పితే అదే ఉండేది.

నాకూ అలాగే నేర్పారు. నేను తప్పు చోట ఆనిస్తే తిట్టేవారు కాదు. నా చేతి మీద చెయ్యి వేసి, స్క్రూడ్రైవర్ కొనను మెల్లగా రెండు వేళ్ళ దూరం జరిపేవారు. "ఇక్కడ వినరా సత్తీ" అనేవారు. అంతే. అక్కడ వినపడేది.

పోలయ్య గారి చెవి సత్తిబాబుకు వచ్చిందని కాకినాడ నుంచి పిఠాపురం దాకా అన్నారు. ఆయన పోయాక ఇంకా ఎక్కువ అన్నారు. నేనూ కాలరు ఎగరేశాను. ఎందుకు కాదనాలి?

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. నా చెవులు పోయాయి.

పూర్తిగా పోలేదు. ఎదురుగా కూర్చుంటే మీ మాటలు వినపడతాయి. సన్నటి శబ్దాలు పోయాయి. కుక్కర్ మూడు కూతలు వేశాక కట్టేయమని చెప్పి మా ఆవిడ నూకరత్నం పెరట్లోకి వెళ్ళేది. నాకు ఒక్కటీ వినపడేది కాదు. పప్పు అడుగంటేది. మీకు ఇంటి మీద ధ్యాస లేదని విసుక్కునేది. ధ్యాస లేదనిపించుకోవడమే నయం అనుకునేవాణ్ణి. మీరు జోకు వేసినప్పుడు కూడా అంతే... మీ మొహాలు చూసి, మీరు నవ్వాక నవ్వుతాను. ఎప్పుడైనా గమనించారా?

అయినా స్క్రూడ్రైవర్ మానలేదు. చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపేవాణ్ణి. ఇంజను గుడగుడ తప్ప ఏమీ వినపడేది కాదు. ఊహించి చెప్పేవాణ్ణి. పాత కార్లకు వచ్చే రోగాలు నాలుగైదే కాబట్టి చాలాసార్లు ఊహ సరిపోయేది. ఒక్కసారి మాత్రం తప్పింది. ఒకాయన గేర్‌బాక్స్ విప్పి, బేరింగులు మార్చి, బిగించి ఇచ్చాను. ఆయన రోడ్డు మీద ఒక తిరుగుడు తిరిగి వచ్చి, కూత అలాగే ఉంది కదా మేస్త్రీ, మీకు వినపడటం లేదా అని నలుగురిలో అడిగాడు. తల కొట్టేసినట్టయింది. అది టైర్ల శబ్దమని బుకాయించాను. ఆ రోజు నుంచి గేర్‌బాక్స్ అంటే నాకు బెదురు పట్టుకుంది. విప్పడానికి కాదు. బిగించాక బాగయిందో లేదో చెప్పాల్సింది నేనే కదా... అదీ బెదురు.

అలాంటి రోజుల్లో కామేశ్వరి టీచరు గారు కారు తెచ్చారు.

పిఠాపురంలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు ఆవిడ. కారు వాళ్ళ నాన్నగారిది. పాత అంబాసిడర్, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉండే మోడల్. ఆవిడే నడుపుతారు, ఆవిడే కడుగుతారు. డ్రైవర్‌ను పెట్టుకోమంటే, మా నాన్న నేర్పింది నాకు, డ్రైవర్‌కు కాదు అంటారు. కార్తీక మాసం. అక్కచెల్లెళ్ళు ముగ్గురూ కలిసి మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం వెళ్ళాలని అనుకున్నారు. ముగ్గురూ ఒక కారులో కూర్చుని ఎన్నో ఏళ్ళయిందట.

"సెకండ్ గేర్లో సన్నగా కూత వస్తోందండి సత్తిబాబు గారూ. దిగుడులో యాక్సిలేటర్ మీంచి కాలు తీస్తే ఎక్కువవుతోంది. మొన్న ఒకసారి గేర్ దానంతటదే ఊడిపోయి న్యూట్రల్లోకి వచ్చేసింది. ఘాట్ రోడ్డు కదండీ, నాకు భయంగా ఉంది. గేర్‌బాక్స్ కిందికి దింపి చూడండి. ఎన్ని రోజులు పట్టినా పర్లేదు."

చదువుకున్న డాక్టరు కూడా రోగం ఇంత స్పష్టంగా చెప్పలేడు. అంతా ఆవిడే చెప్పేశారు. నేను చేయాల్సింది విప్పడమే.

ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేరే బండిని పట్టుకుని ఉంచుతుంది. అది ఊడితే బరువంతా బ్రేకుల మీద పడుతుంది. పాత కారు బ్రేకులు ఒక మలుపుకు పడతాయి, రెండు మలుపులకు పడతాయి... తరవాత వేడెక్కి పట్టవు. పక్కన లోయ. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

ఆరు రోజులు కారు నా దగ్గరే ఉంది. మొదటి రోజు చక్రాలు లేపి, తిప్పి, స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను. ఏమీ లేదు. రెండో చెవితో విన్నాను. ఏమీ లేదు. రేపు విప్పుదాం అనుకున్నాను. మర్నాడు ఇంకో బండి పని ముందేసుకున్నాను. ఆ మర్నాడు క్లీనింగ్ చేశాను. కారు పైన పైన తుడుస్తూ రోజులు గడిపాను. ఆరో రోజు మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేశారు. మర్నాడు తెల్లవారుజామున ప్రయాణం, సాయంత్రం వచ్చి ఒకసారి నడిపి చూస్తాను అన్నారు. అవలేదండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. వాళ్ళు వేరే బండి మాట్లాడుకునేవారు. నోరు రాలేదు.

మన వైపు పాత కార్ల బ్రోకర్లకు ఒక దొంగ విద్య ఉంది. గేర్‌బాక్స్ అరుస్తుంటే బాగా మగ్గిన అరటిపళ్ళు పిసికి అందులో పోస్తారు. ఆ గుజ్జు ఆయిల్‌తో కలిసి గేర్ల సందుల్లో పట్టేస్తుంది. కూత ఆగిపోతుంది. రోగం లోపలే ఉంటుంది, నోరు మాత్రం మూసుకుంటుంది. కొన్నవాడు ఇంటికి చేరేదాకా ఆగితే బ్రోకర్‌కు చాలు. పోలయ్య గారు ఒకసారి ఒక బండిలో ఆ గుజ్జు పట్టుకున్నారు. తెచ్చిన బ్రోకర్‌ను తిట్టలేదు. బండి బోల్టులు మళ్ళీ బిగించి, చేతులు కడుక్కుని, ఇంక మా షెడ్డుకు రావద్దు బాబూ అన్నారు. అంతే.

ఆయన శిష్యుణ్ణి నేను. రోడ్డు మీదికి వెళ్ళి అరడజను కర్పూర అరటిపళ్ళు కొన్నాను. నల్లగా మగ్గినవి ఏరి మరీ తీసుకున్నాను. పూజకు ఇవి పనికిరావండి, మంచివి ఇస్తాను అన్నాడు పళ్ళ బండివాడు. ఇవే కావాలన్నాను.

షెడ్డు తలుపు దగ్గరగా వేశాను. ఐదు పళ్ళు మగ్గులో పిసికి, గేర్ ఆయిల్ కలిపి జావలా చేశాను. ఆ మోడల్‌లో కారు లోపల కాళ్ళ దగ్గర కార్పెట్ ఎత్తితే రబ్బరు మూత ఉంటుంది, దాని కింద ఆయిల్ పోసే రంధ్రం. గరాటు పెట్టి పోశాను. ఆరో పండు తినేశాను. ఎందుకు తిన్నానో ఇప్పటికీ తెలియదు. పని చేశాక ఏదో ఒకటి తినడం అలవాటు, అంతే అయి ఉంటుంది.

సాయంత్రం టీచరు గారు వచ్చి పెద్దాపురం దాకా నడుపుకుని వెళ్ళి వచ్చారు. దిగేటప్పుడే మొహం వెలిగిపోతోంది. అసలు వినపడటం లేదండీ అన్నారు. గేర్‌బాక్స్ దింపారా అని అడిగారు. దింపానండీ, బేరింగ్ మార్చాను అన్నాను. చెల్లెలు భయపడుతోంది, భయం లేదని చెప్పనా అన్నారు.

"నిక్షేపంగా వెళ్ళి రండి" అన్నాను.

కారు పిట్ మీద ఆపింది ఆవిడే. ఇంజను ఆపాక గేరులో వదిలే అలవాటు వాళ్ళ నాన్నగారి దగ్గర వచ్చిందట. సెకండ్ గేర్లో వదిలారు. హెడ్‌లైట్ ఒకటి మసకగా ఉంది, అది రాత్రికి చూసి ఉంచండి, ఐదింటికల్లా ముగ్గురం ఆటోలో వచ్చి ఇటునుంచి ఇటే వెళ్ళిపోతాం అని తాళం నా చేతిలో పెట్టారు. లైటు వైరు మార్చేటప్పుడు చూశాను, గేర్ రాడ్ సెకండ్‌లోనే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళలేదు. నూకరత్నం మొహం చూడాలనిపించలేదు. పని ఉందని ఫోన్ చేసి, షెడ్డులోనే మడత మంచం వేసుకున్నాను. మందు తాగలేదు. మీరు అడుగుతారని ముందే చెబుతున్నాను. చుక్క తాగలేదు.

రైళ్ళు పోతూ ఉన్నాయి. నాకు రైలు చెవికన్నా మంచం కోళ్ళకే ముందు తెలుస్తుంది. ఒక గూడ్సు పోయింది. మంచం వణికి ఆగింది. తరవాత అంతా సద్దుమణిగింది. నా చెవులకు సద్దుమణగడం అంటే దూది కుక్కినట్టు ఉంటుంది. అలవాటైపోయింది.

అప్పుడు... వినపడింది.

సన్నగా. చాలా సన్నగా. ఊ... అని. సాగదీసినట్టు.

మీరు నమ్మరు. నాకు మొదట భయం వేయలేదు. సంతోషం వేసింది. లేచి కూర్చున్నాను. నాకు సన్నటి శబ్దం వినపడి మూడేళ్ళయింది. నా చెవులు వచ్చేశాయి అనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దోమేమో అనుకున్నాను. దోమైనా ఫర్వాలేదు, దోమ వినపడినా చాలు. చెయ్యి ఊపాను. దోమ కాదు. పక్క పొలంలో మోటారేమో అని తలుపు తీసి బయటికి వెళ్ళాను.

బయట ఏమీ లేదు. దూది కుక్కినట్టు... అంతే.

లోపలికి వచ్చాను. ఊ... అని ఉంది.

గడప దగ్గర నాలుగైదుసార్లు అటూ ఇటూ అడుగు వేశాను. బయట లేదు. లోపల ఉంది. అప్పుడు కారు వైపు చూశాను. లైటు కింద మెరుస్తూ నిలబడి ఉంది. బానెట్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. తాళం నా జేబులో ఉంది. తడిమి చూసుకున్నాను, ఉంది.

కూత పెరిగింది. ఆ కూత ఏమిటో అప్పుడు పోల్చుకున్నాను. ముప్పై ఏళ్ళు విన్న కూత అది. గేరులో ఉన్న బండి బరువుతో కిందికి దిగుతుంటే వచ్చే కూత.

ఎందుకు దిగానో తెలియదు. చేతి దీపం, స్క్రూడ్రైవర్ తీసుకుని పిట్‌లోకి దిగాను.  గేర్‌బాక్స్ నా తల మీద ఉంది. అరచెయ్యి ఆనించాను. కదలిక లేదు. రాయిలా ఉంది. తిరిగే గేర్‌బాక్స్ ఎలా ఉంటుందో ఈ చేతికి తెలుసు. అది తిరగడం లేదు. కానీ కూస్తోంది.

స్క్రూడ్రైవర్ కొన ఆనించాను. పిడి చెవికి పెట్టుకున్నాను.

దగ్గరైంది. మధ్యలో అక్కడక్కడ తడబడుతోంది... కాలు తీసినట్టు... మలుపు తిరిగినట్టు. మళ్ళీ కూత. మళ్ళీ మలుపు. ఇంకా దిగుతోంది. ఇంకా... ఇంకా...

టక్.

గేర్ ఊడిన శబ్దం. మీకు తెలియకపోవచ్చు, నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. తరవాత కూత లేదు. గాలి పోతున్నట్టు ఒక హోరు. పట్టు లేని బండి జారిపోతుంటే వచ్చే హోరు. అది పెరిగింది. ఇంకా పెరిగింది. ఇంకా...

ఆగిపోయింది.

ఏమీ లేదు. పిడి చెవి నుంచి తీయలేదు. ఎంతసేపు ఉన్నానో. మళ్ళీ మొదటి నుంచి... ఊ... అని సన్నగా మొదలైంది.

స్క్రూడ్రైవర్ చెవి నుంచి తీసేశాను. కూత తగ్గలేదు. రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాను. తగ్గలేదు. అంతే పెద్దగా ఉంది.  మలుపు... మలుపు... టక్... హోరు... ఆగిపోవడం. మళ్ళీ మొదలు. పైకి ఎక్కి పారిపోవాలని ఉంది. ఎక్కలేకపోయాను.

మూడోసారి మొదలైనప్పుడు, ఏడుస్తున్నానని నాకే తెలియకుండా ఏడుస్తూ, స్క్రూడ్రైవర్ మళ్ళీ ఆనించాను. ఎందుకో తెలుసా? ఏ బేరింగో వినాలని. సిగ్గులేని చెయ్యి... ఆ సమయంలో కూడా అదే చేసింది.

అందిన చోట ఆనించాను. ఎటూ తేలలేదు.

అప్పుడు కొన జరిగింది.

నెమ్మదిగా చెబుతాను, వినండి. నేను జరపలేదు. నా వేళ్ళు పిడి మీద బిగుసుకుపోయి ఉన్నాయి. కొన ఇనుము మీద మెల్లగా... వెనక్కి... రెండు వేళ్ళ దూరం జరిగింది. ఆగింది. ఆగిన చోట గట్టిగా అదుముకుంది. నా చేతి మీద బరువు ఉంది. చెయ్యి అని చెప్పను. ఎవరినీ చూడలేదు. బరువు ఉంది, అంతే.

ఆ చోట కూత పగిలిపోయింది. లోపల ఏదో ముక్కలై ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నట్టు గరగరా వినపడింది. అంత స్పష్టంగా నేను వయసులో ఉన్నప్పుడు కూడా వినలేదు.

"చాలండి, విన్నాను" అన్నాను. పైకే అన్నాను. ఎవరితో అన్నానో నాకు తెలియదు.

ఆగిపోయింది. బరువూ పోయింది. స్క్రూడ్రైవర్ జారి పిట్‌లో పడింది. పడిన శబ్దం నాకు వినపడలేదు. నా చెవులు మళ్ళీ మామూలుగా అయిపోయాయి.

పైకి వచ్చి కారు లోపల చూశాను. గేర్ రాడ్ న్యూట్రల్‌లో ఉంది.

తెల్లవారేలోగా డ్రెయిన్ బోల్టు విప్పాను. ట్రేలోకి బూడిద రంగు జావ దిగింది. అరటిపండు, మాడిన నూనె కలిసిన వాసన.  వేళ్ళ మధ్య రుద్ది దీపం కింద చూశాను. ఇత్తడి పొడి తళతళలాడింది. అడుగున వేలు పెడితే గోరంత ఉక్కు ముక్క తగిలింది. అది చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. టీచరు గారు రాగానే మొత్తం చెప్పేయాలనుకున్నాను. అరటిపళ్ళ దగ్గర నుంచి, చెవుల దగ్గర నుంచి. మాటలు కూడా పేర్చుకున్నాను.

ఐదింటికి ఆటో ఆగింది. ముగ్గురూ కొత్త చీరల్లో దిగారు. పులిహోర డబ్బాలు, ఫ్లాస్కు, దుప్పట్లు. చిన్నావిడ అప్పుడే నవ్వుతోంది. నేను ఉక్కు ముక్క చూపించాను. నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చింది ఇది.

"రాత్రి మళ్ళీ విన్నానండి. నా మనసొప్పలేదు. ఆయిల్ దింపి చూస్తే ఇది వచ్చింది. ఈ బండిలో ఘాట్ ఎక్కొద్దండి."

ఒక్కొక్క మాటా నిజమే కదా? అన్నీ కలిపితే అబద్ధం.

టీచరు గారు ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. మీరు మార్చిన బేరింగ్‌దేనా అని అడిగారు.  పాతది ఎక్కడో ఉండిపోయినట్టుందండీ అన్నాను. ట్రే వైపు చూశారు. వాసన తగిలే ఉంటుంది. ఏమీ అడగలేదు. తరవాత చెల్లెళ్ళ వైపు తిరిగి, చూశారా, నేను చెప్పానా, పోలయ్య గారి చెవి ఈయనకే వచ్చింది అన్నారు. నాకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. నాకన్నా పెద్దావిడ. లెక్కల టీచరు. చేతులు దించండి అని కూడా అనలేకపోయాను.

వాళ్ళు వేరే కారు మాట్లాడుకుని వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చారు. ప్రసాదం తెచ్చి ఇచ్చారు. తీసుకున్నాను. ఈలోగా రాజమండ్రి నుంచి తెలిసిన మేస్త్రిని పిలిచి గేర్‌బాక్స్ దింపించాను. వెనక బేరింగ్ ముక్కలైపోయి ఉంది. స్క్రూడ్రైవర్ ఆగిన చోట ఇనుము మీద చిన్న గీత ఉంది. సరిగ్గా దాని లోపలే ఆ బేరింగ్.

కాకినాడలో చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. వినికిడి పోయినవాళ్ళకు లేని కూతలు వినపడటం మామూలే అన్నారు. మిషన్ పెట్టుకోమన్నారు. కొన్నాను, బీరువాలో ఉంది. చెవికి మిషన్ పెట్టుకున్న మేస్త్రి దగ్గరికి గేర్‌బాక్స్ ఎవరు తెస్తారు? కొన జరగడం గురించి డాక్టరును అడగలేదు. నూనె చెయ్యి కదా, జారి ఉండవచ్చు. గేర్ కూడా దానంతటదే ఊడే రోగం ఉన్నదే. అన్నిటికీ ఏదో ఒక జవాబు దొరుకుతుంది. అది పోలయ్య గారో, నా భయమో, కారో... నాకు తెలియదు. నిజంగా తెలియదు.

తెలిసిందల్లా ఒకటే. టీచరు గారు ఊరంతా చెప్పారు. వినే మేస్త్రి అని ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. నేను కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాను.

మొన్న పెద్దాపురం రైస్ మిల్లు ఆయన పాత జీపు తెచ్చారు. ఇద్దరు చిన్నపిల్లలతో అరకు వెళతారట. గేర్లు బాగున్నాయో లేదో మీరు చెవి పెట్టి చెబితే చాలు అన్నారు. పెట్టాను. ఏమీ వినపడలేదు. బాగానే ఉందండీ అన్నాను. ఆ జీపు ఇప్పుడు నా షెడ్డులో ఉంది. నిన్న రాత్రి తెల్లారేదాకా దాని కింద కూర్చున్నాను. వినిపించు, ఏదైనా ఉంటే వినిపించు అని బతిమాలాను. ఒక్క శబ్దం రాలేదు. బండి నిజంగా బాగుండి రాలేదో... ఇంక ఈ మనిషికి చెప్పి లాభం లేదని రాలేదో.

పొద్దున్న ఆరింటికి ఆయన వస్తారు.

అందుకే ఇవాళ ఇదంతా చెప్పాను. దయ్యం సంగతి మీరేమైనా అనుకోండి. రాంబాబూ, నీ చెవులు బాగానే ఉన్నాయి కదా? ఒకసారి షెడ్డు దాకా రా. ఎక్కడ ఆనించాలో నేను చూపిస్తాను, నువ్వు విని నాకు చెప్పు.